పొగమంచులో విజయపురి

మొన్న శనివారం మా ఆయనకి హాస్పిటల్లో డ్యూటీ పడటంతో, ఐదేళ్ళ పాపని తీసుకుని నేనే ఇక్కడ ఇంగ్లండులో షెఫీల్డ్ అవతల రిజర్వాయర్ దగ్గరికి వెళ్ళాను. వానల్లేక నీళ్ళు దిగిపోయి, ఎప్పుడో మునిగిన పల్లె గోడలు బయటపడ్డాయని జనం చూసి వస్తున్నారు. జారుతుందేమోనన్న భయంతో దాని చెయ్యి వదలకుండానే, మా ఊరి దగ్గర నీళ్ళ కింద ఒక రాజధానే ఉందని చెప్పాను. "ఆర్ యూ మేకింగ్ ఇట్ అప్, మమ్?" అంది.

కల్పించి చెబుతున్నావని మా నాన్న రోజూ పడ్డ మాట ఇదే.

నాన్న నాగార్జునసాగర్‌లో లాంచీ మీద గైడు. సెలవుల్లో నేనూ వెంట వెళ్ళేదాన్ని. లాంచీ కొండ మీది మ్యూజియం చేరేలోగా ఆయన ఉత్త నీళ్ళకేసి చెయ్యి చూపిస్తూ, ఇక్ష్వాకుల విజయపురిని వీధివీధిగా చెప్పేవాడు. ఇక్కడ సింహళం నుంచి వచ్చిన భిక్షువుల విహారం, అక్కడ రాజుగారి కోట, రాజులు యాగాలు చేస్తుంటే వాళ్ళింటి ఆడవాళ్ళు బుద్ధుడికి స్తూపాలు కట్టించారు అని. డ్యాం నీళ్ళు రాకముందు జరిగిన తవ్వకాల్లో మట్టి తట్టలు మోసిన మా తాత, ఏ కొండల సందు ఎదురైతే కింద ఏముంటుందో నాన్నకి నేర్పాడట.

ఒక డిసెంబరు పొద్దున పొగమంచుకి కొండలు కనపడలేదు. నాన్న నోరు విప్పలేదు. "ఏందయ్యా గైడూ, బెల్లం కొట్టిన రాయల్లే నిలబడ్డావు? రోజూ చూపించేది నీళ్ళేగా!" అని వెనక బెంచీ పెద్దాయన అనేసరికి లాంచీ అంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. "ఎక్కడో ఒకచోట చూపించు నాన్నా, వాళ్ళకేం తెలుసుద్ది?" అని గొణిగాను.

"మనకి తెలుసుద్ది గదమ్మా. కింద ఉంది ఊరు. ఎక్కడంటే అక్కడ పెట్టేదానికి బొమ్మరిల్లా?"

నేను పోయి లాంచీ చివర విడిగా కూర్చున్నాను.

నాన్న పోయి మూడేళ్ళు. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే ఈ పిల్లకి ఆయన ఊరినైనా ఇవ్వాలని, ఎండిన బురదలో పుల్లతో గీయటం మొదలుపెట్టాను. నది గీశాను, చుట్టూ కొండలు గీశాను, విహారం దగ్గర, స్తూపం దగ్గర పాప ఒక్కో గులకరాయి పెట్టింది. కోట దగ్గరికొచ్చేసరికి పుల్ల ఆగిపోయింది. ఏ రెండు కొండల సందు ఎదురైనప్పుడు నాన్న దాన్ని చూపించేవాడో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

"వేర్ డస్ ద కింగ్ గో?" అంటూ పాప మూడో రాయి పట్టుకుని నిలబడింది. బస్సుకి వేళవుతోంది, నాకు నిలబడే ఓపిక కూడా లేదు, వేలు పెట్టి ఎక్కడో చూపిస్తే అయిపోయేది. "తెలీదమ్మా," అన్నాను. అది రాయిని కోటు జేబులో వేసుకుంది.

ఇప్పుడు ఉతకటానికి కోటు తీస్తే ఆ రాయి చేతికి తగిలింది. మీలో స్కూలు ఎక్స్‌కర్షన్‌లో ఆ లాంచీ ఎక్కి, ఉత్త నీళ్ళు చూపిస్తున్నాడని మా నాన్నని చూసి నవ్వినవాళ్ళు ఉండే ఉంటారు. నవ్వినందుకు నాకేం కోపం లేదు, నేనూ సిగ్గుపడ్డదాన్నే. రాజుగారి కోట అన్నప్పుడు ఆయన చెయ్యి ఎటు చాపాడో మీకెవరికైనా గుర్తుందా?