పన్నెండు అంకెలు

అయిదేళ్లుగా పన్నెండు అంకెలు మోస్తున్నాను. అవి మరియమ్మ ఆధార్ నంబరు. ఏ నంబరైనా ఒకసారి చూస్తే నాకు మరుపు రాదు. ఊళ్లో వాళ్లు అదొక గొప్పగా చెప్పుకుంటారు. పళ్లు తోముకుంటుంటే ఆ అంకెలే, పొలం గట్టు మీద నడుస్తుంటే ఆ అంకెలే. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు, అందుకే మీకు చెబుతున్నాను.

మాది రెంటచింతల దగ్గర పల్లె. పదో తరగతి తప్పాను. లెక్కలు నా అంతట నేనే నేర్చుకున్నాను. పొలం కొలతలు, పురుగుమందు పాళ్లు, పందిరికి ఎన్ని గుంజలు కావాలి, ఏదైనా నన్నే అడుగుతారు. కరోనా టీకా వచ్చినప్పుడూ నన్నే అడిగారు. ఫోన్‌లో పేర్లు ఎక్కించడం, ఎవరు ఏ రోజు పోవాలో చెప్పడం నా పనైపోయింది. టీకాలు తక్కువ, జనం ఎక్కువ. ఎవరికి ముందు పడాలో ఒక వరస రాసుకున్నాను. వయసు, సుగరు, బీపీ, రోజూ ఎంతమంది మధ్య తిరుగుతారు, ఇవన్నీ చూసి. ఆ వరసలో మొదటి పేరు మరియమ్మదే. అరవై దాటింది. సుగరుంది. మిరప కోతలకు ఇరవై మంది ఆడవాళ్లను ఆటోల్లో తీసుకుపోయే మేస్త్రీ. ఆ లెక్క నేను వేసిందే. రాత నాదే.

మరి ఎందుకు చేశాను?

కారణం చెప్పాలంటే సిగ్గు కంటే ముందు కోపం వస్తుంది. అంత చిన్నది. కరోనా రాకముందు ఒకసారి చర్చి పండుగ భోజనాలకు బియ్యం లెక్క వేశాను. మరియమ్మ వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుని అందరి ముందూ అడిగింది: "ఏంది తమ్ముడూ, నీ లెక్కలో పిల్లకాయలకు నోళ్లు లేవా?" వంటవాళ్లు గరిటెలు వదిలేసి నవ్వారు. నిజంగానే పిల్లలను కలపడం మరిచాను. సంతకం రాని మనిషి నా తప్పు పట్టుకుంది. ఆ నవ్వును నేను దాచి పెట్టుకున్నాను.

ఆమె ఆధార్ జిరాక్సు ఇచ్చి వెళ్లిన రోజు నేను అనుకున్నది ఇంతే: రెండుసార్లు తిప్పించాలి. నా అవసరం ఏమిటో తెలియాలి. రెండుసార్లు నాలుగయ్యాయి. సైటు తెరుచుకోవడం లేదన్నాను. స్లాటు రాలేదన్నాను. ఆమె తర్వాత ఇచ్చినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కిస్తూనే ఉన్నాను. ఆ మనిషి నా గుమ్మం ముందు నిలబడి అడగడం నాకు బాగుండేది. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా పళ్లు బిగుసుకుంటున్నాయి. బాగుండేది, అంతే. దానికి వేరే మాట లేదు.

అయిదోసారి వచ్చింది.

"ఏం తమ్ముడూ, నా పేరు నీ ఫోనుకు బరువైందా? నా ఎనకాల ఇచ్చినోళ్లు పొడిపించుకొని, ఒళ్లునొప్పులు కూడా తగ్గి, పన్లోకి వస్తన్నారు."

పట్టుబడ్డాననిపించింది. మళ్లీ నవ్వుతుందేమో అనిపించింది.

"నీ ఆధార్ తీసుకోవట్లేదక్కా. ఏలిముద్రలు సరిగా లేనట్టున్నయి. మాచర్ల పోయి సరిచేయించుకో."

ఆమె తన వేళ్ల వంక చూసుకుంది. "అంతేలే. మిరపకాయలు కోసీ కోసీ గీతలన్నీ పోయినయి. రేషన్ మిషనే నన్ను గుర్తుపట్టదు. నువ్వేం జేస్తావులే."

వెంటనే నమ్మింది. ఆ అబద్ధాన్ని నిజంలా నిలబెట్టింది ఆమె అరిగిపోయిన వేళ్లే.

అసలు సంగతి వినండి. పేరు ఎక్కించడానికి వేలిముద్ర అక్కర్లేదు. నలభై అయిదు దాటినవాళ్లకు నా ఫోనూ అక్కర్లేదు. ఓటరు కార్డో మరొకటో, ఏదో ఒక గుర్తింపు కార్డు పట్టుకుని ఆసుపత్రికి పోతే అక్కడే రాసుకుని సూది వేసేవాళ్లు. ఆ ఆసుపత్రి నర్సమ్మ ఈ మాట నాతో రెండుసార్లు అంది, ఊళ్లో అందరికీ చెప్పమని. నేను చెప్పలేదు. చెబితే నా గుమ్మానికి ఎవరొస్తారు?

మరియమ్మ మాచర్ల పోయింది. రెండు రోజులు బస్సులో, ఆధార్ కేంద్రం ముందు ఎండలో, జనం మధ్య వరసలో. తిరిగొచ్చిన నాలుగో రోజున జ్వరం. తర్వాత ఆయాసం. నరసరావుపేట ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడే పోయింది.

జబ్బు ఆ వరసలోనే అంటిందని రుజువు లేదు. తెలుసు. సూది పడినా పోయేదేమో. అదీ తెలుసు. మొదటి సూది పడ్డాక ఒంటికి కొంతైనా బలం రావడానికి రెండు మూడు వారాలు పడుతుందని తర్వాత విన్నాను. విని సంతోషపడ్డాను. అవును, సంతోషమే. కాలెండరు తీసి లెక్కపెట్టాను, నన్ను నేను విడిపించుకోవడానికి. జిరాక్సు ఇచ్చిన రోజు నుంచి జ్వరం వచ్చిన రోజు దాకా ఇరవై ఆరు రోజులు. ఆమె జిరాక్సు ఇచ్చిన వారం నేను ఎక్కించిన పేర్లకు మూడో రోజుకే సూది పడింది. మళ్లీ లెక్కపెట్టాను. ఇరవై ఆరే. మూడు తీసేసినా మూడు వారాల పైనే. నా లెక్క తప్పయితే బాగుండునని కోరుకున్నది అప్పుడొక్కసారే.

ఆమె కూతురు సుగుణ ఏటా తల్లి పేరున ప్రార్థన పెట్టిస్తుంది. మొన్నా పిలిచింది. నా విస్తట్లో వడ్డిస్తూ చుట్టాలతో అంది: "మా అమ్మ కోసం ఈ మామ చానా తిరిగాడు. ఆధార్ పడకపోతే ఆయనేం జేస్తాడు?" ఆ మాట వింటూ అన్నం తిన్నాను. రెండోసారి కూర కూడా వేయించుకున్నాను. వద్దంటే ఎందుకని అడుగుతుందేమోనని. ఇంటికొస్తూ ఆ పిల్ల మీద కూడా కోపం వచ్చింది, అంత తేలిగ్గా నమ్మినందుకు. నా కోపం ఎవరి మీదికి పోతుందో చూడండి.

సుగుణకు ఇంకా చెప్పలేదు. చెబుతానని మీకు మాట ఇవ్వను. నా మాట ఏపాటిదో ఇప్పుడు మీకు తెలుసు. క్షమించమని అడగను. క్షమించవలసిన మనిషి లేదు. ఇది మొదలుపెట్టినప్పుడు బిగుసుకున్న గుండె ఇప్పుడు కొంచెం వదులైంది. ఆ వదులు మీద కూడా నాకు కోపమే. నాకెందుకు దక్కాలి అది?

అయినా రాయవలసింది రాసేస్తాను. మరియమ్మ ఆధార్‌లో ఏ లోపమూ లేదు. ఆ పన్నెండు అంకెలను నేను ఫోన్‌లో ఒక్కసారి కూడా కొట్టలేదు.