చాటెడు తవుడూ, జర్మనీ అనుమతీ

“నీ బాపు బొగ్గుబాయిల పనిజేస్తడా, గాజులమ్ముతడా? జర ఏదన్నొకటి జెప్పు తమ్మీ” అన్నాడు మా అమ్మమ్మ ఊరు మహబూబాబాద్‌లో జనన మరణాలు రాసే గుమస్తా, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుంటూ. నా పదో తరగతి మెమోలో బాపు పేరుంది. గుమస్తా తీసిచ్చిన పుట్టుక సర్టిఫికెట్‌లో తండ్రి పేరు దగ్గర మా అమ్మమ్మ పక్కింటి గాజుల మామ పేరుంది. (తల్లి పేరు మాత్రం అమ్మదే. ఆ రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి చూసినప్పుడు ఏమనిపించిందో నలుగురూ చదివేచోట రాయలేను.)

అప్పట్లో నేను జనగామలో కుర్ర విలేకరిని. ఊరందరి కాగితాల్లో తప్పులు పట్టి వార్తలు రాసేవాణ్ని, నా కాగితం ఎన్నడూ చూసుకోలేదు. మెమో ఒక్కటుంటే ఉద్యోగం, పాస్‌పోర్టు, పెళ్లి అన్నీ అయిపోయిన రోజులవి. జర్మనీకి అది చాలలేదు. నా భార్య అక్కడి దవాఖానలో నర్సు, పెళ్లయిన కొద్దిరోజులకే వెళ్లిపోయింది. నేనూ వెళ్లి ఆమెతో ఉండాలంటే నివాస అనుమతి కావాలి, దానికి పుట్టుక సర్టిఫికెట్ కావాలి. “ఈడ కాగితం లేకుంటె మొగడంటే గూడ నమ్మరు. జల్ది పంపు” అని ఆమె రోజూ ఫోను.

అమ్మమ్మను నిలదీస్తే తడుముకోకుండా చెప్పింది. నాకు ముందు పుట్టిన ఇద్దరు దక్కలేదట. అందుకని పురిటి స్నానం రోజునే నన్ను చాటలో పడుకోబెట్టి, చాటెడు తవుడుకు గాజుల మామకు అమ్మేసింది. ఇలా అమ్మడం మా వైపు ఉన్నదే. అందరూ మాటవరసకు అమ్ముతారు. మా అమ్మమ్మ నా పుట్టుక రాయించడానికి వెళ్లినప్పుడు కూడా బేరానికి కట్టుబడింది. “అమ్మినంక మనదని రాయిస్తె, అది అమ్మినట్టెట్లయితది బిడ్డా” అంది. దిద్దిస్తానంటే కళ్లనీళ్లు పెట్టుకుంది. “గిన్నేండ్లు బతికినవంటె గా పేరు మీదనే. మారిస్తె నీకేమన్నయితె ఎట్ల?” పుట్టుక రాయించిన అమ్మమ్మ వేలిముద్ర లేనిదే దిద్దుబాటు కుదరదంటాడు గుమస్తా. గాజుల మామేమో “నాకేంది అల్లుడా, మా తవుడు మాకిచ్చి నీ పేరు నువ్వు దీస్కపో” అని అరుగు మీద కూర్చుని నవ్వుతాడు. నాకు మాత్రం పళ్లు నూరుకోవడం తప్ప ఏమీ మిగల్లేదు.

చివరికి జనగామ నోటరీ వకీలు తేల్చేశాడు. “ఇద్దరూ ఒక్కడే అని రాసుకుందాం. మీ బాపుకు గా గాజులాయన పేరు ఇంకో పేరు. ఆయన సంతకం పట్టుకరా.”

భూపాలపల్లి గని క్వార్టర్‌లో బాపు అప్పుడే పొద్దుటి షిఫ్టు దిగి, ఇంకా కాటుకలా బొగ్గు అంటిన కళ్లతో అన్నం ముందు కూర్చున్నాడు. కాగితం చదివి పళ్లెం పక్కకు జరిపాడు. “బాయిల దిగి నిన్ను సాదింది నేను. నేనే గాజులాయననని నేనే సంతకం బెట్టాల్నా?”

“పెట్టు” అంది అమ్మ పొయ్యి దగ్గర్నుంచి. “గా పేరుతోని పిలిస్తెనన్న ఒక్కసారికి పలుకుతవేమో.”

బాపు కాగితాన్ని మళ్లీ మొదట్నుంచి చదివాడు. “దీంతోని కోడలి దగ్గరికి పోతవా?” అన్నాడు. పోతానన్నాను. చెయ్యి కడుక్కుని సంతకం పెట్టాడు.

అనుమతి వచ్చింది. అక్కడి కార్యాలయంలో ఒకామె తండ్రి పేర్లు రెండూ ఓపిగ్గా కంప్యూటర్‌లో టైపు చేసుకుంది, ఎందుకని అడగలేదు. ఆనాడు మూడు ఊళ్ల మధ్య బస్సుల్లో రుసరుసలాడుతూ తిరిగిన ఆ కుర్రాణ్ని తలచుకుంటే ఇప్పుడు ముద్దొస్తాడు. అమ్మమ్మ వేలిముద్ర వెయ్యకుండానే వెళ్లిపోయింది. అనుమతి పొడిగించిన ప్రతిసారీ బాపు ఫోన్‌లో అడుగుతాడు, “ఇప్పుడన్న నా పేరొక్కటే ఉన్నదా?” అని.

ఇద్దరి పేర్లూ ఉన్నాయి.