గీత దాటని ఆఖరివాడు

అది కార్తీకమాసంలో ఆఖరి సోమవారం, రాత్రి ఎనిమిదికి ఇరవై నిమిషాలు తక్కువ. లీగులో మా కబడ్డీ జట్టుకు అదే చివరి ఆట. గెలిస్తే ప్లేఆఫ్స్‌కు పోతాం, ఓడితే ఇళ్లకు పోతాం.

నేను ఆటగాణ్ణి కాదు, మాలీసు చేసేవాణ్ణి. వయసులో ఉన్నప్పుడు పేటలోని గరడిలో ఎర్రమట్టి మీద కుస్తీ పట్టాను. వయసు మళ్లాక అదే గరడిలో కుస్తీ పట్టేవాళ్ల ఒళ్లు రుద్దాను. గరడి మూతపడి, ఆ జాగాలో బట్టల దుకాణం వచ్చాక, కె.ఆర్.పురంలో ఇంట్లో కూర్చున్న నన్ను ఈ జట్టులోకి తెచ్చినవాడు కెప్టెన్. యాభై దాటాక అక్షరాలు దిద్దుకున్నాను కాబట్టి సొగసుగా రాయడం చేతకాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

రాయడానికి కారణం ఒకటుంది. ఆ ఆట చివరి మూడు నిమిషాల వీడియో ఒకటి ఫోన్లలో తిరుగుతోంది. అందులో మా కెప్టెన్ బెంచీ మీంచి లేచి, లోపల ఒంటరిగా ఆడుతున్న కుర్రాణ్ణి చూసి “బయటికి పోరా” అని గొంతు చించుకుంటాడు. చూసినవాళ్లంతా కెప్టెన్‌ను తిడుతున్నారు. కుర్రాడి పేరొస్తుంటే ఓర్వలేకపోయాడట. నేను ఆ బెంచీ వెనకే నూనె సీసా పట్టుకుని నిలబడి ఉన్నాను. ఓర్వలేనితనం నాకైతే కనబడలేదు.

కెప్టెన్‌ది అత్తిబెలె పక్క పల్లె. ముప్పై నాలుగేళ్లు. కూతకు పోతే, అదే రైడుకు పోతే, కుడికాలు ముందు చాపి, ఎడమకాలి మీద తిరిగి వచ్చేవాడు. ఆ కుడి మోకాలే పోయింది. సీజన్ మొదట్లో, సర్జాపుర దారిలో మాకిచ్చిన అపార్ట్‌మెంటు హాల్లో అందర్నీ కూర్చోబెట్టి మేనేజరు చెప్పాడు, ఈసారి ప్లేఆఫ్స్‌కు రాకపోతే పాతవాళ్లెవర్నీ ఉంచబోమని. చెప్తూ కెప్టెన్ వైపే చూశాడు.

“పాతోళ్లంటే నేనూ తాతే గదా సార్,” అని కెప్టెన్ నన్ను చూపించి నవ్వాడు. “ఇద్దరికీ ఒకే ఆటో మాట్లాడండి.”

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అతను పోతే నన్నెవరు ఉంచుకుంటారు? ఇప్పుడు అన్ని జట్లలోనూ మిషన్లున్నాయి, చదువుకున్న డాక్టరమ్మలున్నారు. కాచిన నూనె ఎవరిక్కావాలి?

సీజన్ మొదలైంది. ఒక ఆట ఒక్క పాయింటుతో పోయింది. ఒక ఆట గెలిచిందే, చివర్లో చేజార్చుకున్నాం. ఎడమ మూల పట్టు పట్టేవాడికి మడమ మెలిపడింది. హరియాణా నుంచి వచ్చినవాళ్లు వేరే టేబులు దగ్గర తినడం మొదలుపెట్టారు. కోచ్ గొంతు పోయింది, ఆ తర్వాత మనసు కూడా పోయినట్టుంది, ఊరికే విజిల్ ఊదేవాడు. జిమ్ము గోడకు పాయింట్ల పట్టిక అంటించేవారు. నేను కూడబలుక్కుని చదివేవాణ్ణి కాబట్టి కిందనుంచి మొదలుపెట్టేవాణ్ణి. మా జట్టు పేరు తొందరగా దొరికేది.

కెప్టెన్ మోకాలికి ఇద్దరం వైద్యం చేసేవాళ్లం. ఫిజియో అమ్మాయిది చిత్తూరు. పొద్దున ఐస్ నింపిన తొట్టిలో అతన్ని కూర్చోబెట్టేది. నేను మధ్యాహ్నం వేడినూనె పట్టించేవాణ్ణి.

“తాతా, నేను కష్టపడి వాపు దించుతాను, నువ్వు నూనె కాచి మళ్లీ తెస్తావు,” అనేది.

“నీ ఐస్‌కు వాడు మార్కెట్లో చేప మాదిరి బిగుసుకపోతాండాడమ్మా. ఆ కాలు ఎట్ల మడుస్తాడు?”

తొట్టిలోంచి కెప్టెన్ పళ్లు కటకటలాడిస్తూ అనేవాడు, “మీరిద్దరూ పంచాయితీ తెంచుకునేలోపల సీజన్ అయిపోతాది. నన్ను ఎవురో ఒకరు బయటికి తీయండప్పా.”

ఒకరోజు ఆ అమ్మాయి నన్ను మెట్ల దగ్గరికి పిలిచి చెప్పింది, మోకాలి లోపల మెత్తగా ఉండాల్సింది అరిగిపోయిందని, ఎముకకు ఎముక రాసుకుంటోందని, తన ఐస్ గానీ నా నూనె గానీ దాన్ని తిరిగి తీసుకురాలేవని. ఆమె చెప్పిందే నిజం. నా చేతికి ముందే తెలుసు. పైకి అనలేదంతే.

ఆ మధ్యాహ్నమే కెప్టెన్ బోర్లా పడుకుని దిండులోకి మొహం పెట్టి అన్నాడు. “తాతా, ఇన్నేండ్లలో ఒక్కసారి గూడా ప్లేఆఫ్ ఆడలేదు నేను. మా జట్టు ప్లేఆఫ్‌కు వచ్చినేడు నేను వేరే జట్టులో ఉంటి. నేను వచ్చినంక మావాళ్లు రాలేదు. ఒక్క ఆట చాలు. ఓడినా సరే. ఆ ఒక్కదానికి ఈ కాలు నిలబెట్టు.”

“నిలబెడతానప్పా,” అన్నాను. ఇంకేమనాలి?

ఆఖరి వారాల్లో ఎలాగో నాలుగు ఆటలు గెలిచి పట్టికలో పైకి పాకాం. ఇక ఆ సోమవారం. ఇండోర్ స్టేడియం నిండింది. చాలా వారాల తర్వాత నిండింది. కెప్టెన్ భార్య ఉపవాసం మీదే వచ్చి మూడో వరుసలో కూర్చుంది. చుక్క కనబడగానే తినాల్సిన మనిషి, ఆట అయ్యాకే తింటానంది. నేను మోకాలికి పట్టీ చుట్టాను. ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా అన్నాడు. కాలివేళ్లు నల్లబడేదాకా బిగించాను.

అతను బాగానే ఆడాడు. మొదటి సగంలో నలుగురిని తాకి వచ్చాడు. రెండో సగం చివర్లో కూతకు పోయి, వెనక్కి తిరిగేటప్పుడు కుడికాలు మడతపడింది. ముగ్గురు మీద పడ్డారు. లేచి, కుంటకుండా నడుస్తున్నట్టు నటిస్తూ వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. అతని కంటే ముందు ఔటైనవాళ్లు అప్పటికే అక్కడ ముగ్గురున్నారు. అతని తర్వాత ఇంకో ఇద్దరు వచ్చి కూర్చున్నారు. చాప మీద మావాడు ఒక్కడే మిగిలాడు.

మడమ మెలిపడినవాడి స్థానంలో దించిన కుర్రాడు వాడు. మదనపల్లె అవతల పల్లె వాడిది. అదే మొదటి సీజన్. సన్నగా ఉంటాడు, నలుగురి తిండి తింటాడు. కెప్టెన్ వాణ్ణి తన గదిలోనే పెట్టుకున్నాడు, పట్టు పట్టడం కూర్చోబెట్టి నేర్పాడు. వాడు ‘అన్నా’ అంటే కెప్టెన్ ఎంత పనిలో ఉన్నా తల తిప్పి చూసేవాడు.

ఇక్కడ ఆట సంగతి ఒకటి చెప్పాలి. ఔటైనవాడు ఊరికే లోపలికి రాలేడు. మనవాళ్లు అవతలివాణ్ణి ఒకణ్ణి ఔట్ చేస్తే, ముందు ఔటైనవాడు ముందు లేస్తాడు, వరుస తప్పకూడదు. అంటే కెప్టెన్ లేవాలంటే ముందు ముగ్గురు లేవాలి. కానీ ఏడుగురూ ఔటైతే అవతలివాళ్లకు రెండు పాయింట్లు ఎక్కువిచ్చి, ఏడుగుర్నీ ఒకేసారి మళ్లీ దింపుతారు. అందుకని కబడ్డీలో ఒక పద్ధతి ఉంది. జట్టులో గట్టివాడు బెంచీ మీద ఇరుక్కుపోతే, మిగిలిన ఆఖరివాడు కావాలనే గీత బయట కాలు పెట్టి చస్తాడు. వాడు చస్తే అందరూ బతుకుతారు. క్యాంపులో ఇది అందరికీ చెప్పారు. కుర్రాడికీ చెప్పారు.

మూడు నిమిషాలుంది. మూడు పాయింట్లు వెనక ఉన్నాం. టైమౌట్లు రెండూ అయిపోయాయి, ఆట ఆపి చెప్పడానికి లేదు. అరవాల్సిందే.

కెప్టెన్ లేచి అరిచాడు. “రేయ్! బయటికి పోరా! గీత దాటు!”

కుర్రాడు ఇటు చూశాడు. చూసి తల అడ్డంగా ఊపాడు.

అవతలివాళ్లకూ ఈ పద్ధతి తెలుసు. వాళ్ల కూతగాడు వచ్చి మధ్యగీత దగ్గరే నాలుగు అడుగులు ఆడి, కుర్రాణ్ణి తాకకుండా వెనక్కి పోయాడు. వాణ్ణి చంపితే మా కెప్టెన్ లేస్తాడని వాళ్లకు భయం. జనానికి అది తెలియదు. కుర్రాడికి భయపడి పారిపోతున్నాడనుకున్నారు. డప్పులు మోగాయి. మైకులో కుర్రాడి పేరు పిలిచారు, స్టేడియమంతా తిరిగి పలికింది. కుర్రాడు కూతకు పోయి ఊరికే వచ్చాడు. వాళ్లూ వచ్చి ఊరికే పోయారు. మళ్లీ కుర్రాడు పోయి వచ్చాడు. గడియారం మాత్రం ఆగలేదు.

“తాతా, వానికి ఇనపడ్డంలేదా?” కెప్టెన్ నా చొక్కా పట్టుకున్నాడు.

“ఇనపడతాండాది. చచ్చేకి ఇష్టంలేదు వానికి.”

“బయటికి పోరా నాయనా! నీకు దండం పెడతా, పోరా!” అన్నాడు. చేతులు కూడా జోడించాడు. వీడియోలో ఆ ముక్క లేదు. అరిచింది ఉంది, దండం పెట్టింది లేదు.

మూడోసారి వచ్చిన కూతగాడు ఊరికే పోవడానికి లేదు. రెండుసార్లు ఖాళీగా పోతే మూడోసారి పాయింటు తేవాల్సిందే. వాడు లోపలికి వచ్చాడు. కుర్రాడు నేల మీద పడి వాడి మడమ పట్టాడు, వదల్లేదు, ఈడ్చుకుపోయినా వదల్లేదు. ఒంటరిగా పట్టినందుకు రెండు పాయింట్లు. పైకప్పు ఊడుతుందనుకున్నాను. గరడిలో అంత వయసు గడిపినవాణ్ణి, అలాంటి పట్టు నేను చూడలేదు. చూసి ఏడ్చాను. సంతోషానికి కాదు.

వరుసలో ముందున్న ఒక్కడు లేచాడు. పట్టు పట్టేవాడే, కూత చేతకాదు. కెప్టెన్ అతని వీపు మీద చెయ్యి వేసి లోపలికి నెట్టాడు, తను మళ్లీ కూర్చున్నాడు. చివరి కూత మాది. మేమూ రెండుసార్లు ఖాళీగా వచ్చాం కాబట్టి పాయింటు తేవాల్సిందే. ఆ మనిషి పోయాడు. నలుగురు మీద పడ్డారు. గంట మోగింది. రెండు పాయింట్లతో ఓడాం.

ఓడిన జట్టువాడైనా కుర్రాడికే ఆ రోజు మంచి డిఫెండర్ బహుమతి ఇచ్చారు. జనం వాడి పేరే అరుస్తున్నారు. బహుమతి డబ్బు రాసిన పెద్ద అట్టముక్క చంకలో పెట్టుకుని లోపలి గదికి వచ్చి మూలన నిలబడ్డాడు.

“యాలరా దాటలేదు?” అన్నాను. నాకు నాలుక ఆగదు.

“మా ఊర్లో తనంతట తాను గీత దాటినోణ్ణి మళ్లా ఆటకు రానీరు తాతా. పిరికోడంటారు. మా నాయన టీవీ ముందర కూసోనుండాడు. అన్న అరిసింది ఇనపడింది. కాలు లేయలేదు. ఎత్తి ఎత్తి చూసినా, లేయలేదు.”

కెప్టెన్ మోకాలి పట్టీ విప్పుకుంటున్నాడు. తలెత్తకుండా అన్నాడు, “మంచి పట్టురా అది. నేను నేర్పిందాని కంటే మంచిగ పట్టినావు. పో, స్నానం చెయ్.”

అప్పటికే మేనేజరు, ఆట కిటుకులు తెలియని మనిషి, ఆ వీడియో ఉన్న ఫోను పట్టుకుని వచ్చాడు. “మన హీరోను అందరి ముందూ అలా తిడతావా? ఎందుకన్నావో చెప్పు.”

ఒక్కమాట చెప్తే సరిపోయేది. నేను నోరు తెరిచాను. కెప్టెన్ నా మణికట్టు పట్టుకున్నాడు. వేళ్లు దిగిపోయేలా పట్టుకున్నాడు.

“కోపంలో అన్నాను సార్,” అన్నాడు.

మేనేజరు పోయాక నా మీద పడ్డాడు. “నువ్వు సుమ్నే ఉండు తాతా, నోరు తెరవద్దు. చెప్పిన మాట ఇనలేదని తెలిస్తే ఆ పిల్లోణ్ణి వచ్చే సీజన్‌కు ఎవురు ఉంచుకుంటారు? నా కత ఎట్లా అయిపోయ.”

అతన్ని వదిలేశారు. నన్నూ పొమ్మన్నారు. ఒకే ఆటో మాట్లాడలేదు, నేను బస్సులో పోయాను. మొన్న కుర్రాణ్ణి రెండేళ్లకు రాయించుకున్నారు. వాడే ఫోన్ చేశాడు. “రాయి తాతా. నేను ఇనలేదని గూడా రాయి. అన్నను అట్ల అంటాంటే నాకు అన్నం పోతలేదు,” అన్నాడు. అందుకే రాస్తున్నాను.

నెలకోసారి అత్తిబెలె పోయి ఆ మోకాలు రుద్ది వస్తాను. రుద్దితే తగ్గేది కాదు, అయినా పోతాను. అతను బస్టాండు వైపు రావడం మానేశాడు. వస్తే అక్కడ టీకొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు “బయటికి పోరా” అని అరుస్తారు. ఒకడు మొదలుపెడితే మిగతావాళ్లు అందుకుంటారు. కూతురు బడికి పోయే బస్సు కూడా అక్కడే ఆగుతుంది. ఆ పిల్లను ఇప్పుడు తల్లే దింపుతోంది.

పోయినసారి నూనె పట్టిస్తుంటే అడిగాడు. “వాడు కాలు బయట పెట్టుంటే, ఆ మిగిలినదాంట్లో నేను తెచ్చేవాణ్ణి కదా తాతా?”

నా చేతికింద ఎముక రాసుకుంటున్న చప్పుడు వినబడుతోంది. తెచ్చేవాడో లేదో నాకు తెలియదు. ఆ కాలితో కష్టమే. “తెలీదప్పా,” అన్నాను. అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. 

నా మాట నమ్మనివాళ్లు అడగడానికి మనుషులున్నారు. ఆ సోమవారం ఆ బెంచీ దగ్గర ఉన్నవాళ్లం వీళ్లం: గొంతు పోయిన కోచ్, ఐస్ సంచి పట్టుకున్న చిత్తూరు ఫిజియో అమ్మాయి, కెప్టెన్ కంటే ముందు ఔటైన ఇద్దరు హరియాణావాళ్లు, చివరి కూతకు పోయి పడిపోయిన మనిషి, కెప్టెన్ తర్వాత ఔటైన ఇద్దరు తమిళులు, మడమకు కట్టుతో కుర్చీలో కూర్చున్న పాత ఎడమ మూలవాడు, మూడో వరుసలో ఏమీ తినని కెప్టెన్ భార్య, చాప మీద ఒంటరిగా ఆ కుర్రాడు, నూనె సీసాతో నేను, చేతులు జోడించి నిలబడ్డ కెప్టెన్.