పరిగి ర్యాంపు మీద చెంబెడు నీళ్లు

పక్కింట్లో బండ కోస్తున్నారు. ఆ కీచుమోత సరిహద్దు దాటి కర్ణాటకలో కునుకు తీస్తున్న వాళ్లను కూడా లేపుతుందని నా అంచనా. తడిసిన రాతిపొడి వాసన కిటికీలోంచి రాగానే నా అరికాళ్లు కుదురుగా ఉండవు. సులోచనక్క గుర్తొస్తుంది.

అక్క తాండూరు బండల యార్డుకు మేనేజరు, నాకు పై అధికారి. నేను వికారాబాదు ఆఫీసులో కంప్యూటరు ముందు ఉండేవాణ్ణి. ఏ ఇంటికి ఏ బండ, ఎప్పుడు, ఏ మేస్త్రీ అన్నది ఒక యాప్‌లో పెట్టుకునేవాళ్లం, పనికో కార్డు చొప్పున. ఆ యాప్ వారంలో మూతపడుతుందని తెలిసి, పనులన్నీ కొత్తదానిలోకి మార్చే భారం నా మీద పడింది. సముద్రం మీద వంతెన కట్టినంత ఆర్భాటం చేశాను. తాగిన టీతో కోట్‌పల్లి చెరువు నిండేది. చివరికి అటు నాలుగు వందల పన్నెండు కార్డులు, ఇటు నాలుగు వందల పన్నెండు. అక్కకు ఫోన్ చేసి విజయం ప్రకటించాను.

“ఎన్నొచ్చినయో సరే తమ్మీ. ఏం రాలేదో సూసినవా?”

రాకపోవడానికి ఏముందక్కా అన్నాను. పరిగి ర్యాంపు కార్డు తెరిచి, అందులో తన మాట వినిపించమంది. వెతికాను. లేదు.

మా మేస్త్రీలు టైపు చేసే రకం కాదు. బండ రకం నింపనిదే యాప్ కదలదు కాబట్టి, జాబితాలో మొదటిదైన ‘నున్న బండ’ నొక్కేసి, అసలు సంగతి కింద గొంతుతో చెప్పి రికార్డు చేసి పెట్టేవారు. అక్కా అంతే. రాతను ఎవరూ నమ్మేవారు కాదు, గొంతునే వినేవారు. కొత్త యాప్‌లోకి రాతలన్నీ వచ్చాయి. గొంతు ఒక్కటీ రాలేదు.

పరిగిలో జారిపడి తుంటి ఆపరేషన్ చేయించుకున్న ఒక టీచరమ్మ రెండు రోజుల్లో చేతికర్రతో ఇంటికి రాబోతోంది. ఆమె గడప ముందు ర్యాంపుకు గరుకు బండ వేయాలని అక్క గొంతులో ఉంది. కొత్త కార్డు చూసి యార్డువాళ్లు పొద్దున్నే నున్న బండను బండెక్కించి పంపేశారు. మేస్త్రీ మల్లేశం ఫోన్ ఎత్తడం లేదు. సిమెంటు గట్టిపడితే ఇక ఊడదీయలేం.

సగం బస్సు ఖాళీగా ఉన్నా పరిగి దాకా నిలబడే వెళ్లాను. డ్రైవరు దారిలో ప్రతి గేదెకూ వంగి దండం పెట్టి మరీ కదిలినట్టనిపించింది. దిగేసరికి తాండూరు నుంచి అక్క ముందే వచ్చి ఉంది. ర్యాంపు అద్దంలా మెరుస్తోంది. అక్క తిట్టలేదు. చెంబెడు నీళ్లు బండ మీద పోసి, పక్కకు జరిగింది.

“నడువు తమ్మీ.”

రెండో అడుగుకే కూర్చున్నాను. కూర్చున్నాను అనడం నా మర్యాద కోసం.

“జర మెల్లగ సారూ, బండ పగుల్తది,” అన్నాడు మల్లేశం.

అక్క నవ్వలేదు. “గామె ఇంకోపాలి పడితె లేస్తదా?” అంది.

సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. మల్లేశం బండలు ఊడదీసి, గరుకుగా ఉన్న అడుగువైపు పైకి వచ్చేలా తిరగేసి వేశాడు. పాత యాప్ మూతపడేదాకా యార్డులో అక్క పక్కన కూర్చుని గొంతులన్నీ వింటూ రాశాను. ఒకదాంట్లో మేస్త్రీ కంటే కోడే ఎక్కువ మాట్లాడింది.

అక్క ఇప్పుడు పని మానేసింది. నేనూ వేరే కంపెనీలో ఉన్నాను. నిన్న మా కొత్త టూల్ ‘అన్నీ వచ్చేశాయి’ అని ఆకుపచ్చ గీత చూపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఒక కార్డు తెరిచి, ఆ పని చేసే మనిషికి ఫోన్ చేసి, నీ పనేమిటో నోటితో చెప్పమన్నాను. చెప్పిన దాంట్లో సగం తెర మీద లేదు.

పాతది మూసేద్దామా అని పొద్దుట్నుంచి అడుగుతున్నారు. ఇంకా మూయలేదు. అరికాళ్లు ఒప్పుకోవడం లేదు.