మామ్మ ఎదురొచ్చిన రోజు

నా చిన్నప్పుడు బారిడీహ్‌లో సాయంత్రం రోజుకి రెండుసార్లు వచ్చేది. మొదటిది అందరికీ వచ్చేదే. పొద్దు గుంకిన కాసేపటికి నాన్న పనిచేసే ఉక్కు కంపెనీలో కరిగిన ఇనప చిట్టెం పారబోసేవారు. ఆకాశం మళ్లీ ఎర్రబడేది. మా క్వార్టరు గోడలూ, తీగ మీద ఆరేసిన బట్టలూ, వెనక వరండాలో కూర్చున్న మా మామ్మ తెల్లచీరా కాసేపు నారింజ రంగుకి తిరిగేవి. ఆ వెలుగులో తప్ప మామ్మని రంగుచీరలో నేను చూసి ఎరగను.

మా తాతయ్య పోయాక నాన్న ఆవిణ్ణి శ్రీకాకుళం వైపు మా ఊరి నుంచి తీసుకొచ్చేశారు. ఆవిడకి హిందీ ఒక్క ముక్క రాదు. మాకేమో బడిలో హిందీ, వీధిలో హిందీ. ఆవిడ తెలుగులో ఏదైనా అడిగితే హిందీలో జవాబు చెప్పే పొగరొకటి. పాపం ఆవిడ ఎక్కువగా చేటతోనూ, చింతపండుతోనూ మాట్లాడుకునేది.

నాకు పదేళ్లున్నప్పుడు, ఎండాకాలంలో, మా ఇంటికి ఒక దొరసాని రావడం మొదలెట్టింది. హాలండ్ నుంచి వచ్చిన మిషనరీ. దగ్గర్లోని బిర్సానగర్ బస్తీలో కాంట్రాక్టు పనులు చేసుకునే తెలుగు ఆడవాళ్లకి తన ప్రభువు గురించీ, పిల్లలకి నీళ్లు కాచి పట్టడం గురించీ వాళ్ల మాటలోనే చెప్పాలని ఆవిడ పట్టుదల. హిందీ అప్పటికే బాగా వచ్చు. తెలుగు నేర్పడానికి మా నాన్న కుదురుతారని ఎవరో చెబితే వచ్చింది. నాన్నకి షిఫ్టులతో తీరిక లేదు. నవ్వుతూ మామ్మని చూపించి డ్యూటీకి వెళ్లిపోయారు.

దొరసాని తెచ్చుకున్న నోటుపుస్తకాన్నీ పెన్సిళ్లనూ మామ్మ అటక మీద పెట్టించేసింది. ఆవిడ ముందు చింతపండు బుట్ట పెట్టి, చిన్న కత్తిపీట జరిపింది. చేతిలో పని లేకుండా మాట ఎలా వస్తుందో మామ్మకి తెలీదు మరి. గింజ తీస్తే గింజ అన్న మాట, పీచు లాగితే పీచు అన్న మాట వచ్చాయి. మరో వారం బియ్యంలో రాళ్లేరడం, ఆ పై వారం మినప్పప్పు కడగడం. అంత పొడుగు కాళ్లనీ ఎక్కడ మడుచుకోవాలో తెలియక దొరసాని పీట మీద నానా తంటాలు పడేది. అర్థం కానిది హిందీలో చెప్పడం నా ఉద్యోగం. ఆవిడ ప్రభువు కథ ఒకటి చెబితే, బదులుగా మామ్మ రాముడి కథ ఒకటి చెప్పేది. ఎవరూ ఎవరినీ మార్చలేదు. వానలు పడే వేళకి ఆవిడ గుమ్మంలోంచే "ఏటి మామ్మా, ఇయ్యాల కూరేటి" అని మా ఊరి యాసలో పలకరించేది. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. మామ్మ మాత్రం నవ్వేది కాదు. తన మాట తనకి వినబడుతుంటే అందులో నవ్వాల్సిందేముంది?

ఒకరోజు పాఠం మధ్యలో నాన్న సైకిలు బయటికి తీశారు. మామ్మ చేతిలో పని వదిలేసి గబుక్కున తలుపు చాటుకి పోయింది. ఎందుకని దొరసాని అడిగింది. "నానెదురొత్తే ఎల్లిన పని సెడిపోద్దమ్మా. ముండమోసినదాన్ని" అంది మామ్మ, బియ్యంలో రాళ్లున్నాయన్నంత మామూలుగా. నేను హిందీలో చెప్పాను. దొరసాని నాచేత మళ్లీ చెప్పించుకుంది. ఆ తర్వాత చేతిలో పని వదిలేసి ఆ తలుపు వంకే చూస్తూ కూర్చుంది. కాబట్టి ఆ సంగతి ఆవిడకి అర్థమైంది. రెండుసార్లు చెప్పిన నాకది బాగా తెలుసు.

బిర్సానగర్‌లో ఆవిడ మొదటిసారి తెలుగులో మాట్లాడబోయే ఆదివారం, దారిలో మా ఇంటి ముందు రిక్షా ఆపించి దిగింది. భయంతో మనిషి పాలిపోయి ఉంది. మామ్మ అప్పటికే వంటింట్లోకి తప్పుకుంది. అమ్మా, నేనూ, పక్కింటి పిన్నీ గేటు దగ్గర నిలబడ్డాం. దొరసాని మళ్లీ రిక్షా ఎక్కలేదు.

"మామ్మా, బేగి రా. నువ్వెదురొత్తేనే నానెల్తాను" అని కేకేసింది.

పిన్ని నోరు నొక్కుకుంది. అమ్మ తడబడుతూ హిందీలో ఏదో నచ్చజెప్పింది. అర్థం కాలేదంది దొరసాని. అమ్మ తెలుగులో చెప్పింది. అదీ అర్థం కాలేదట. అందరూ నా వంక చూశారు. నా ఉద్యోగం నేను చెయ్యాలి కదా. నోరు తెరిచాను. దొరసాని నన్ను చూసిన చూపులో ఏముందో ఇప్పటికీ చెప్పలేను కానీ, నోరు మూసుకున్నాను.

చివరికి మామ్మ వచ్చింది. చేతులకి చింతపండు అలాగే ఉంది. గడప దాటి, మెట్టు దిగి, పట్టపగలు అందరిముందూ వీధిలో ఆవిడకి ఎదురు నడిచింది. దొరసాని తల వంచింది. మామ్మ ఆ చింతపండు చెయ్యే ఆవిడ తల మీద పెట్టింది.

"ఎల్లిరా అమ్మా. బేగొచ్చీ."

రిక్షా మలుపు తిరగ్గానే మబ్బు పట్టింది. వాన ఒకటే కురిసింది. ఏం వినాల్సొస్తుందో అని పిన్ని రెండుసార్లు వచ్చి మరీ అని వెళ్లింది. మామ్మ అన్నం ముట్టలేదు. ఎప్పుడూ లేనిది ముందు గుమ్మంలో కూర్చుని రోడ్డు వంక చూస్తూ ఉండిపోయింది. దొరసానికేమైనా అయితే మామ్మ ఇక ఎప్పటికీ ఆ వెనక వరండా దాటి రాదని నాకు అర్థమైంది. దేవుళ్లందరికీ మొక్కాను, దొరసాని దేవుడితో సహా.

ఆ రోజు రెండో సాయంత్రం ఎర్రబడుతుండగా రిక్షా వచ్చింది. ఆవిడ నిలువునా తడిసిపోయి ఉంది. అంతా బాగా జరిగిందనీ, తన తెలుగుకి అందరూ నవ్వారనీ, మళ్లీ రమ్మన్నారనీ చెప్పింది. మామ్మ కళ్లు తుడుచుకుంటూ తువ్వాలు కోసం లోపలికి పరిగెత్తింది. అప్పుడు చూశాను, దొరసాని మోచెయ్యి. చర్మం లేచిపోయి, బురదా నెత్తురూ కలిసి ఉన్నాయి. బురదలో రిక్షా తిరగబడిందని తర్వాత రిక్షా అతను చెప్పాడు. నేను చూడటం చూసి దొరసాని గౌను చేతిని కిందికి లాక్కుంది. మెల్లిగా, హిందీలో, దీనికి తెలుగు లేదు అంది.

మర్నాడు నాన్న డ్యూటీకి బయల్దేరుతూ సైకిలు పట్టుకుని నిలబడ్డారు. "అమ్మా, ఓసారిలా రా" అన్నారు. ఆ తర్వాత నా పరీక్షలన్నిటికీ మామ్మే ఎదురొచ్చింది. కొన్ని తప్పాను కూడా. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మామ్మతో నేను తెలుగులోనే మాట్లాడటం మొదలుపెట్టాను. మోచేతి సంగతొక్కటే చెప్పలేదు. ఆవిడ పోయేదాకా చెప్పలేదు.

మొన్న మా మనవరాలు మొదటి ఉద్యోగానికి బయల్దేరింది. మా ఆయన పోయి రెండేళ్లు. ఇంత తెలిసీ నా కాళ్లు వాటంతటవే వంటింట్లోకి నడిచాయి. సిగ్గుపడుతూనే చెబుతున్నాను. గేటు దగ్గర్నుంచి అది "అమ్మమ్మా, సామ్నే ఆవో నా" అని అరిచింది. చేతులు కూడా కడుక్కోకుండా ఎదురు వెళ్లాను.

సాయంత్రం అది ఇంటికి వచ్చేదాకా గుమ్మంలోనే కూర్చున్నాను. బాగా జరిగింది అమ్మమ్మా అంది, తెలుగులో. దాని మోచేతుల వంక నేను చూడలేదు.