మానుకోటలో మూడు కాపీలు

2011 వానాకాలంలో నేను హైదరాబాదులోని ఒక చిన్న కంప్యూటర్ ఆటల సంస్థలో సీనియర్ ప్రోగ్రామర్‌గా పనిచేస్తున్నాను. వయసు నలభై తొమ్మిది. మిగతావాళ్లంతా పాతికేళ్లవాళ్లు కావడంతో నన్ను అంకుల్ అని పిలిచేవారు, నేను వినపడనట్టు ఉండేవాణ్ణి. మా ఆటలో ఆడేవాళ్లు ఖాళీ నేల మీద ఇళ్లు, బాటలు, బావులు, బడి కట్టుకుంటూ ఒక ఊరిని పెంచాలి. అందులో నా బాధ్యత సేవ్ విభాగం. కట్టినంత ఊరిని ఫైలుగా దాచి, మళ్లీ తెరిచినప్పుడు ఉన్నది ఉన్నట్టు నిలబెట్టడం నా పని.

ఆడేవాళ్లు బటన్ నొక్కితేనే మా ఆట సేవ్ అయ్యేది. నొక్కకముందే కరెంటు పోతే ఆ పూట కట్టినదంతా పోయినట్టే. వరంగల్ జిల్లా నుంచి దీని మీద ఫిర్యాదులు ఎక్కువగా వచ్చేవి. ఉన్నట్టుండి అవి ఆగిపోయాయి. ఆరా తీస్తే, మహబూబాబాద్‌లో, అక్కడివాళ్ల మాటలో మానుకోటలో, ఇంటర్నెట్ సెంటర్ నడిపే సరోజన అనే ఆవిడ ఒక చిన్న ప్రోగ్రాం రాసిందని తెలిసింది. అది మా ఆట పక్కనే నడుస్తూ, ఐదు నిమిషాలకోసారి తానే సేవ్ నొక్కి, ఆ ఫైలుకు విడిగా మూడు కాపీలు తీసి పెట్టేది. పెన్‌డ్రైవుల మీద అది భూపాలపల్లి దాకా పాకింది. ఇలా అమ్మినవాళ్లూ కొన్నవాళ్లూ కాక మూడోవాళ్లు చేసిపెట్టే పనిముట్లను మా వృత్తిలో థర్డ్ పార్టీ టూల్స్ అంటారు.

దీని మీద ఆఫీసులో మీటింగ్ జరిగింది. ఏ వెర్షన్‌లో ఏముండాలో తేల్చేది ప్రాడక్ట్ మేనేజర్. బయట ఒకావిడ చేసిపెట్టిన పనికి మళ్లీ మనం రెండు వారాలు తగలేయడం ఎందుకని ఆయన వాదన. నాకు ఒళ్లు మండింది. ఆట కొన్న మనిషి తన ఊరు కాపాడుకోవడానికి మానుకోటలో ఒకావిడ ఉందని తెలుసుకోవాలా? మన లోపాన్ని ఆమె ఎన్నాళ్లు మోయాలి? అని గట్టిగానే అడిగాను. నా మాట నెగ్గింది. ఇప్పటికీ ఆ వాదన సరైనదేనని నా నమ్మకం. తప్పంతా ఆ తర్వాత జరిగింది.

ఆట తనంతట తానే సేవ్ అయ్యేలా రెండు వారాల్లో ఆటోసేవ్ రాశాను. పరీక్షించడానికి నడుస్తున్న కంప్యూటర్ ప్లగ్గు పదిసార్లు పీకాను. పదిసార్లూ ఊరు పదిలంగా తిరిగొచ్చింది. నాకు తెలియకుండానే నేను చేసిందేమిటంటే, తెర మీద సేవ్ గుర్తు వెలిగి ఆరిన తర్వాతే ప్రతిసారీ ప్లగ్గు పీకాను. ఎంత పరీక్షయినా నా మెషిన్ పాడవుతుందని నా భయం. వెర్షన్ వదిలేటప్పుడు దానితో పాటు పంపే నోటీసు కూడా నేనే రాశాను. "ఇకపై బయటి టూల్స్ అవసరం లేదు, దయచేసి తీసేయండి" అన్నది అందులో చివరి వాక్యం. అది రాసి ఛాతీ విరుచుకున్నానని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

పది రోజుల తర్వాత సరోజన ఆఫీసుకు ఫోన్ చేసింది. తన సెంటర్‌లో లాలూ అనే అతని ఊరు మొత్తం పోయిందని, కొత్త ఫైలు తెరుచుకోవడం లేదని, పాతది లేనే లేదని చెప్పింది. ఆమె కేకలేస్తే బాగుండేది. "మీరే తీసెయ్యమన్నరు గద సార్, తీసేసిన," అంది మామూలు గొంతుతో. టూల్‌తో పాటు దాని కాపీలనూ తుడిచేసిందట. మర్నాడు పొద్దున్నే రైలెక్కాను.

అవి తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. జనగామ దాటాక రఘునాథపల్లిలో పట్టాల మీద జనం కూర్చున్నారు, రైలు మూడు గంటలు కదల్లేదు. నేను గుంటూరు వైపు వాణ్ణి. నోరు తెరిస్తే నా యాస బయటపడుతుందని మంచినీళ్లు కూడా అడక్కుండా కూర్చున్నాను. చివరికి ఒక పెద్దావిడ, "ఏంది బిడ్డా, నీళ్లన్న తాగవా?" అని తానే సీసా అందించింది. థాంక్స్ చెప్పాల్సి వచ్చింది. ఆమె నా యాస విని నవ్వి ఊరుకుంది.

సెంటర్ చేరేసరికి మధ్యాహ్నమైంది. సరోజనకు ముప్పై దాటి ఉంటాయి, పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమా చేసింది. లాలూ కూడా అక్కడే ఉన్నాడు. గంగారం వైపు తండా మనిషి, చెల్పూరు కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు కూలీ. సెలవు దొరికినప్పుడల్లా వచ్చి నాలుగు నెలలుగా ఆ ఆటలో తన తండానే కట్టాడు. మా ఆటను అలా వాడుకోవచ్చని మాకెవరికీ తట్టలేదు. తండాకు సొంత పంచాయతీ కావాలని వాళ్ల పెద్దలు అర్జీ రాస్తున్నారు. ఏ ఇల్లు ఎక్కడుంది, బడి ఎక్కడ రావాలి, బాట ఎటు వెయ్యాలి అన్నది తెర మీద కట్టి, దాన్ని ప్రింటు తీసి అర్జీకి జతచేస్తానని లాలూ వాళ్లకు మాటిచ్చాడు. పెద్దలు కూర్చునేది ఆ మర్నాడే.

ఫైలు చూశాను. సగం రాసి ఆగిపోయి ఉంది. నా ప్రోగ్రాం పాత ఫైలు మీదనే కొత్తది రాసేది. రాస్తుండగా కరెంటు పోతే పాతదీ దక్కదు, కొత్తదీ దక్కదు. ఇక తిరిగి తేలేనని లాలూకు చెప్పాను. అతను కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నాడు. "పోయిందేదో పోయింది సార్. గానీ గీడనే జర కూసోండ్రి, మళ్ల కడ్త," అన్నాడు.

సరోజన ఒక పెన్‌డ్రైవులోంచి తన టూల్‌ను మళ్లీ ఎక్కించాక అతను కట్టడం మొదలుపెట్టాడు. గంటకే కరెంటు పోయింది. వచ్చింది, వెంటనే పోయింది. మళ్లీ వచ్చి, మళ్లీ పోయి, ఆఖరికి వచ్చి నిలబడింది. అది చూశాకే, టూల్‌లో కాపీలు మూడెందుకని సరోజనను అడిగాను. ఆ ప్రశ్న ఆఫీసు ఫోన్ నుంచి నెల రోజుల ముందే అడగాల్సింది.

"మాకాడ ఒక్కసారి పోయి వచ్చుడు గాదు సార్. పోతది, వస్తది, మళ్ల పోతది. గందుకే ముగ్గురిని పెట్టిన. పెద్దోడు, నడిపోడు, చిన్నోడు. చిన్నోడు ఆగమైతే నడిపోడు, వాడు గూడ ఆగమైతే పెద్దోడు. ముగ్గురి మీద ఒక్కసారే రాయొద్దు," అంది.

మా కాలేజీల్లో ఒక పాఠమంతా చెప్పే సంగతిని ఆమె కరెంటు చూసి నేర్చుకుంది. అక్కడే కూర్చుని, ఆమె చెబుతుంటే, నా ల్యాప్‌టాప్‌లో ఆటోసేవ్‌ను మొదటి నుంచి తిరగరాశాను. "ఆంధ్ర సారుకు జర చాయ్ తెప్పియ్యిన్రి," అని లాలూ మధ్యలో ఆటపట్టించాడు. సెంటర్ మూసేవేళకు తండా సగమే అయింది. బడి వచ్చింది, బాట వచ్చింది, తూర్పు వైపు ఇళ్లు రాలేదు. సరోజన దాన్నే ప్రింటు తీసింది. లాలూ ఆ ఖాళీ భాగం మీద వేలు పెట్టి, "గీ ఇండ్లు నేను నోటితోని చెప్త," అన్నాడు. కాగితం మడవకుండా అట్టల మధ్య పెట్టుకుని బస్సు కోసం వెళ్లాడు.

తర్వాతి వెర్షన్‌లో మూడు కాపీలూ అవే పేర్లతో వెళ్లాయి. ఆట చేసినవాళ్ల జాబితాలో సరోజన పేరు చేర్చాం. మేనేజర్ అభ్యంతరం చెప్పలేదు.

బయటివాళ్లు చేసిన సౌకర్యాన్ని ఆటలోకి తీసుకోవాలా అని కుర్రవాళ్లు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. తీసుకోవాలనే చెబుతాను. అయితే ముందు వెళ్లి, చేసిన మనిషి పక్కన ఒక పూట కూర్చోమంటాను. ఆ మనిషి ఏం చేసిందో టూల్‌లో కనిపిస్తుంది, ఎందుకు చేసిందో కనిపించదు. మనది అక్కడ నిలబడిందని తేలేదాకా వాళ్లది తీసేయమనకూడదు. రిటైరయ్యేదాకా ఇంకా చాలా నోటీసులు రాశాను. ఆ చివరి వాక్యం మాత్రం మళ్లీ ఎందులోనూ రాయలేదు.