స్టామెనా అవ్వ నడిచి దిగిన పండగ

పిరిన్ కొండల్లోని చెర్నా పొల్యానా అనే ఊళ్ళో స్టామెనా వట్టి మంత్రసాని కాదు. మంచుకు దారులు మూసుకుపోయిన రోజుల్లో సంచి వీపున కట్టుకుని, స్కీల మీద కనుమ దాటి పురుళ్ళు పోసిన మనిషి. గొర్రెల దొడ్డిలో ఒక కాపరి భార్యకు కవలలను చేతికిచ్చి, తెల్లారేసరికి ఇంకో ఊళ్ళో బొడ్డు కోసింది. పట్నంలో ఆడవాళ్ళకు స్కీ పందెం పెడితే మొగుడి ప్యాంటు తొడుక్కుని వెళ్ళి, రెండో బహుమతిగా గడియారం తెచ్చింది. మొదటిది రాలేదన్న కోపంతో ఆ గడియారానికి ఏనాడూ కీ ఇవ్వలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, జనవరిలో వచ్చే మంత్రసానుల పండగ ఒక ఎత్తు. ఆ రోజు ఊరు ఆడవాళ్ళది. గడప దాటిన మగవాడి టోపీ ఊడబీకి, ద్రాక్ష సారా కొనిపించేదాకా వదలరు. పొద్దున్నే ఆడవాళ్ళంతా కొండమీది చిన్న చర్చి దగ్గర చేరి, స్కీల మీద ఊళ్ళోకి దిగుతారు. ముందు దిగినామెదే పెద్దపీట. మిగతావాళ్ళు ఆమె చేతుల మీద నీళ్ళు పోసి, తువ్వాలు ఇచ్చాకే రొట్టె తుంచుతారు. స్టామెనా కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ పీట ఇంకొకరికి దక్కలేదు, ఆమెకు డెబ్బై దాటాక కూడా.

వాళ్ళు దిగే వాలంతా క్లెక్ పొదలే. నేలను కరుచుకుని పాకే పొట్టి పైన్ చెట్లవి. ఒకప్పుడు మేత కోసం వాటిని తగలబెడితే, పట్టు తప్పిన మంచు జారి వచ్చి పైవీధిని మింగేసింది. తరువాత మళ్ళీ నాటినవాళ్ళలో స్టామెనా ఉంది. కొనలు మంచులో పూర్తిగా మునిగితే తప్ప ఆ వాలు మీద స్కీ పెట్టకూడదని ఊరు అప్పుడే కట్టుబాటు చేసుకుంది. స్కీ అంచు ఇనుము. చలికి బిగుసుకున్న చిగురును కత్తిలా కోస్తుంది.

ఆ ఏడాది మంచు పలచగా పడింది. చర్చి దగ్గర నిలబడి చూస్తే, మాసిన గడ్డంలా వాలంతా ఆకుపచ్చ కొనలు.

“ఏంటక్కా, కాళ్ళు వణుకుతున్నాయా?” అంది కేరా. ఏటా రెండోదిగా దిగేది ఆవిడే.

“కొనలు కనబడుతున్నాయే.”

“దిగలేక చెట్ల మీదికి తోస్తున్నావు. వయసైపోయిందని చెప్పరాదూ!”

అందరూ నవ్వారు. స్టామెనాకు ఒళ్ళు మండింది. దిగితే పీట తనది. దిగకపోతే ముసలిదైపోయిందన్న మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకుతుంది. స్కీల కట్లు బిగించింది కూడా. కర్ర గుచ్చబోతుంటే కాలి ముందే ఒక లేత చిగురు కనిపించింది. కాసేపు దాన్నే చూసింది. వంగి కట్లు విప్పి, స్కీలు భుజాన వేసుకుంది.

“నేను బండిదారిన పోతున్నా. వచ్చేవాళ్ళు రండి. మీ అందరికీ పురుడు పోసినప్పుడే కాస్త బుద్ధి కూడా పోసి ఉండాల్సింది, నాదే తప్పు.”

“ఆగవ్వా, నేనూ వస్తా,” అంది యానా అనే కొత్త బాలింత. ఆమె వెనక ఒక్కొక్కరే కట్లు విప్పారు. కేరాతో నలుగురైదుగురు మాత్రం మిగిలారు.

నడిచినవాళ్ళు ఊళ్ళో విందు గదికి చేరేసరికి కేరా పెద్దపీట మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. మేజోళ్ళకు పైన్ ఆకుల సూదులు అంటుకుని ఉన్నాయి. స్టామెనా చెంబు అందుకుంది.

“చేతులు చాపు.”

“నువ్వా పోసేది?”

“ముందొచ్చింది నువ్వేగా. ఆచారం ఆచారమే.”

గోరువెచ్చటి నీళ్ళు పోయాల్సిన చోట మంచులాంటి ఊటనీళ్ళు పోసింది. కేరా “అమ్మో!” అని చేతులు లాక్కుంటే ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ కేరా మెల్లగా మేజోళ్ళ మీది సూదులు ఏరింది.

“వచ్చే ఏడూ కొనలు కనబడితే నేనూ నడుస్తాలే. నడకలో ముందొచ్చినవాళ్ళకే పీట. సరేనా?”

“నడకలో కూడా నన్ను గెలవలేవే,” అంటూ స్టామెనా గోడవారగా ఉన్న బల్ల మీద, యానా పక్కన, కూర్చుంది. ఆ గదిలో ఆమె ఎన్నడూ కూర్చోని చోటు అది.